ఆసుపత్రి మంచం పక్కన కుట్టుపని: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి వసారాలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం పది పన్నెండు మందిమి కూర్చుని కుడతాం. క్యాన్సర్, తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తజబ్బు), గుండె జబ్బు లాంటి పెద్ద జబ్బులతో పిల్లలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు వాళ్ల అమ్మానాన్నలకు పనికొచ్చే వస్తువులు తయారుచేస్తాం. అడిగిన తల్లులకు పని నేర్పుతాం కూడా. మా బృందానికి పేరు లేదు, బోర్డు లేదు. ఫోన్లలో, వార్డు వరండాల్లో, గుంటూరు బస్సులో పక్క సీటు నుంచి మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

జబ్బు పిల్లలది కదా, మీరు అమ్మానాన్నల కోసం కుట్టడం ఏమిటి?

పిల్లల కోసమూ కుడతాం. అయితే చూడటానికి వచ్చేవాళ్లందరూ బిడ్డకు బొమ్మ తెస్తారు, బిస్కట్లు తెస్తారు. మంచం పక్కన స్టూలు మీద పది రోజులుగా కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంటున్న తల్లి ఎవరి కంటా పడదు. నాకు ఈ సంగతి మా పాప వల్ల తెలిసింది. ఐదో ఏట దానికి అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ అని తేలింది. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది అదే. వైద్యం రెండేళ్లకు పైగా సాగుతుంది. మొదటి నెలంతా నేను చేసింది ఒక్కటే: రక్తపరీక్ష కాగితం కోసం ఎదురుచూడటం, వచ్చాక అందులో అంకెలు చూడటం, మళ్లీ మర్నాటి కాగితం కోసం ఎదురుచూడటం.

పక్క మంచం దగ్గర మనవడికి తోడుగా తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక మామ్మగారు ఉండేవారు. ఆవిడ ఒళ్లో ఎప్పుడూ క్రోషియా సూది, దారపు ఉండ ఉండేవి. ఒక సాయంత్రం ఆ రెండూ నా చేతిలో పెట్టి, "ఈ వరస పూర్తి చెయ్యమ్మా, నేను టీ తాగి వస్తాను" అన్నారు. బడిలో ఎప్పుడో నేర్చుకున్న అల్లిక. మరచిపోయాననుకున్నాను కానీ వేళ్లకు గుర్తుంది. ఆవిడ గంట తర్వాత వచ్చారు. ఆ గంటలో అంకెల గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదని అప్పుడు తెలిసింది. ఆవిడ టీ తాగడానికి గంట పట్టదని కూడా అప్పుడే తెలిసింది.

కుట్టుపనితో జబ్బు తగ్గుతుందా?

తగ్గదు. జబ్బు వైద్యంతోనే తగ్గుతుంది. అల్లికలతోనో రంగులతోనో నయం చేస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి, అందుకు కీమో (క్యాన్సర్ మందులు ఎక్కించే వైద్యం) వాయిదా అసలే వేయకండి. మేము చేసే పని, వైద్యం సాగినన్నాళ్లూ ఆ తల్లీ తండ్రీ నిలబడి ఉండటానికి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, బతకాలని లేదన్న మాట నోటివెంట వచ్చినా వాళ్లకూ డాక్టరు కావాలి. మనసు బాగోలేనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. వార్డుకు వెళ్లే మా వాళ్లందరి ఫోనుల్లో ఆ నంబరు ఉంటుంది.

ఎక్కువగా ఏం కుడతారు?

ఫైలు సంచి. బయటివాళ్లకు ఇది విచిత్రంగా ఉంటుంది, టోపీలో బొమ్మలో చెబుతామనుకుంటారు. ఏ తల్లినైనా అడిగి చూడండి. పెద్ద జబ్బు వచ్చిన బిడ్డ వెంట మూడు నెలలు తిరిగేసరికి రెండు కిలోల కాగితాలు పోగవుతాయి. బయాప్సీ రిపోర్టు, ఎముక మజ్జ పరీక్ష, డిశ్చార్జి కాగితాలు, మందుల చీటీలు, రేషన్ కార్డు నకళ్లు, ఆధార్ నకళ్లు. బట్టల షాపు వాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ సంచిలో ఇవన్నీ నలిగిపోయి ఉంటాయి. ఒక చంకలో బిడ్డ, ఒక చేతిలో ఆ సంచి. కౌంటరు దగ్గర ఒక కాగితం అడిగితే సంచి మొత్తం నేలమీద పరవాల్సి వస్తుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, మాకు తెలిసిన ఒక తల్లి బిడ్డను భుజాన వేసుకుని మేడ మీదికి ఎక్కింది. ఫైలు కింది గదిలో బీరువా అడుగున ఉండిపోయింది. నీళ్లు తీశాక చూస్తే కాగితాలన్నీ ముద్దయిపోయాయి. ఏ మందు ఏ రోజు ఎంత మోతాదులో ఎక్కించారో రాసిన కాగితాలవి. మళ్లీ ఒక్కొక్కటే సంపాదించడానికి ఆమెకు నెల పట్టింది. ఆ తర్వాత మేము కుట్టిన ప్రతి సంచికీ లోపల రెయిన్‌కోటు గుడ్డ లైనింగు వేస్తున్నాం.

ఆ సంచి కొలతలు చెబుతారా? మా ఊళ్లో కుట్టించుకుంటాం.

తప్పకుండా. ఎక్స్‌రే ఫిల్ములలో పెద్ద సైజు 14 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల ఎత్తు ఉంటుంది. అది మడత పడకుండా పట్టాలి కాబట్టి సంచి 16 వెడల్పు, 18 ఎత్తు ఉంచండి. అడుగున రెండు అంగుళాల పట్టీ వేస్తే కాగితాలు పెరిగినా సంచి ఉబ్బదు. లోపల మూడు అరలు చాలు: పాత రిపోర్టులు, ఈ నెల రిపోర్టులు, నకళ్లు. అంతకంటే ఎక్కువ అరలు పెడితే ఏది ఎక్కడ పెట్టామో కంగారులో గుర్తురాదు. బయటి వైపు ఫోనుకు, చార్జరుకు ఒక జేబు, పెన్నుకు సన్నని గొట్టం. పెన్ను గొట్టం మరవకండి, సంతకాలకు ప్రతిసారీ పక్కవాళ్లను అడగడం ఎంత చిన్నతనంగా ఉంటుందో నాకు తెలుసు.

పట్టీ పొడవుగా, భుజం మీంచి అడ్డంగా వేసుకునేలా ఉండాలి. అప్పుడే రెండు చేతులూ బిడ్డకు మిగులుతాయి. జిప్పు మంచిది కొనండి, మిగతా అన్నిటిలో పొదుపు చేసినా సరే. గుడ్డకు ముదురు రంగు జీను లేదా మందపాటి కేస్‌మెంట్ బాగుంటుంది.

కీమో పిల్లలకు ఉన్ని టోపీలు అల్లి పంపుతాం, తీసుకుంటారా?

మీ మనసు అర్థమవుతుంది కానీ వద్దు. ఉన్ని టోపీల నమూనాలన్నీ చలి దేశాలవి. మే నెలలో విజయవాడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఫ్యాను కింద కూడా బిడ్డ తల తడిసిపోతుంది. పైగా కీమో వల్ల చర్మం సున్నితంగా మారి చిన్న పీచు తగిలినా దురద పెడుతుంది. బనియన్ గుడ్డతో, కుట్టు బయటి వైపు వచ్చేలా కుట్టిన టోపీ అన్నిటికంటే హాయి. ఐదేళ్ల బిడ్డ తల చుట్టుకొలత సుమారు 20 అంగుళాలు. బనియన్ గుడ్డ సాగుతుంది కాబట్టి ఒక అంగుళం తగ్గించి కత్తిరించండి. నుదుటి దగ్గర ఎలాస్టిక్ వేయకండి, గుర్తులు పడతాయి.

మామూలుగా కీమో మొదలైన రెండు మూడు వారాలకు జుట్టు రాలడం మొదలవుతుంది. చాలామంది తల్లులు దిండు మీద జుట్టు చూడకముందే గుండు చేయిస్తారు. "తిరుపతి మొక్కు తీర్చాం" అని ఇరుగుపొరుగుతో చెబుతారు. మనకు గుండు కొత్తది కాదు, పుట్టువెంట్రుకల నాటి నుంచి ఉన్నదే. అందువల్ల మగపిల్లలు టోపీ గురించి పెద్దగా పట్టించుకోరు. ఆడపిల్లల సంగతి వేరు. ఏడెనిమిదేళ్లు వచ్చిన పిల్ల అద్దం చూసుకోవడం మానేస్తుంది. అలాంటి పిల్లకు టోపీ ఇచ్చేముందు రంగు తననే ఎంచుకోనివ్వండి. మా పాప కనకాంబరం రంగు అడిగింది. ఆ రంగు బనియన్ గుడ్డ ఎక్కడా దొరకక తెల్లగుడ్డకు రంగు అద్దించి, రంగు వదలడం మానేదాకా ఉతికి కుట్టాను.

పాత చీరలు ఇస్తే బొంతలు కుడతారా?

కుడతాం, మాకు అన్నిటికంటే ఇష్టమైన పని అదే. నూలు చీరలే కావాలి. మంగళగిరి నూలు చీర ఒకటి రెండు వందల ఉతుకులు తిన్నాక ఉండే మెత్తదనం ఏ కొత్త గుడ్డకూ రాదు. జరీ అంచు మాత్రం కత్తిరించేస్తాం, గీసుకుంటుంది. ఇంట్లో బొంతకు నాలుగైదు పొరలు వేయడం అలవాటు, ఆసుపత్రికి రెండు పొరలు మించవద్దు. బరువైన బొంత పూట లోపల ఆరదు, తడి ఆరని బొంతను బిడ్డ మీద కప్పకూడదు. వరసలు అరంగుళం దూరంలో చేత్తో రన్నింగ్ కుట్టు వేస్తే మిషను కుట్టు కంటే మెత్తగా ఉంటుంది.

బిడ్డ నాయనమ్మ చీరో అమ్మమ్మ చీరో దొరికితే దానితోనే కుట్టి ఇస్తాం. పురిటి బిడ్డకు కొత్త గుడ్డ వేయకుండా ఇంట్లో పెద్దవాళ్ల పాత చీర ముక్కలో చుట్టే అలవాటు మనకు ఉంది కదా, ఆ నమ్మకమే ఇక్కడా పనిచేస్తుంది. ఊళ్లో ఉండిపోయిన పెద్దావిడకు తానూ మనవరాలి దగ్గర ఉన్నట్టు ఉంటుంది.

ఒక తప్పు చేశాం, మీరు చేయకండి. మొదట్లో శుభ్రంగా కనిపిస్తుందని తెల్లని బొంతలు కుట్టాం. ఒక తండ్రి దాన్ని విప్పి చూసి, ఏమీ అనకుండా మడిచి తిరిగి ఇచ్చేశారు. తెల్లగుడ్డ కప్పడం మన ఇళ్లలో దేనికి గుర్తో మేము ఆలోచించలేదు. ఆ తర్వాత పూలు, గళ్లు, చారలు ఉన్నవే వాడుతున్నాం.

శుభ్రత గురించి మీకు ఇన్ని నియమాలు ఎందుకు?

కీమో తర్వాత వారం పది రోజులకు తెల్లకణాలు బాగా పడిపోతాయి. వార్డులో అందరూ "కౌంట్లు పడ్డాయి" అంటారు. ఆ రోజుల్లో మనకు జలుబుతో పోయేది ఆ బిడ్డను ఐసీయూకు చేర్చగలదు. అందుకే దుమ్ము పట్టేదీ ఉతకలేనిదీ ఏదీ లోపలికి పోకూడదు. బొచ్చు బొమ్మలు, ఈకలు, తళుకు పొడి, సెంటు కొట్టిన గుడ్డలు, ఎండు పూలు, మట్టి కుండీలు తీసుకోము. మట్టిలో, నిలవ నీటిలో, రంపపు పొట్టులో బూజు ఉంటుంది, అది ఊపిరితిత్తులకు చేరుతుంది.

కుట్టిన ప్రతి వస్తువునూ వేడినీళ్లలో సబ్బుతో ఉతికి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, కొత్త కవరులో పెట్టి అంటిస్తాం. గంజి పెట్టము. జలుబు, దగ్గు, కళ్లకలక, పొంగు ఇంట్లో ఎవరికి ఉన్నా ఆ వారం కుట్టుకు రావద్దని చెబుతాం. మాలో ఒకరి ఇంట్లో మనవడికి ముందురోజు ఆటలమ్మ పోసిందని తెలిసి, అప్పటికి కుట్టిన పదిహేను టోపీలూ పక్కన పెట్టేసిన వారం కూడా ఉంది.

మూడేళ్లలోపు పిల్లల వస్తువులకు బొత్తాలు, పూసలు, అద్దాలు కుట్టకండి, నోట్లో పెట్టుకుంటారు. పొడవైన నాడాలూ వద్దు.

తల్లులకు ఒక మాట. కీమో ఎక్కించిన తర్వాత రెండు రోజుల పాటు బిడ్డ వాంతి, మూత్రం అంటిన గుడ్డల్లో మందు ఉంటుంది. చేతికి తొడుగులు వేసుకుని, ఇంట్లో వాళ్ల బట్టలతో కలపకుండా విడిగా రెండుసార్లు ఉతకండి. మేము ఇచ్చిన బొంతకైనా ఇదే వర్తిస్తుంది.

కొండపల్లి బొమ్మలు ఇవ్వవచ్చా? చెక్కవే కదా.

వార్డులోకి వద్దు. తెల్ల పొణికి చెక్కను చెక్కి, విడి భాగాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి చేస్తారు. తడి గుడ్డతో గట్టిగా తుడిస్తే పాడవుతాయి, తుడవకపోతే దుమ్ము. వైద్యం పూర్తయి ఇంటికి వెళ్లే రోజున ఇవ్వండి. మేము అంబారీ ఏనుగును ఇస్తాం.

గుండె ఆపరేషన్ అయిన పిల్లలకు ఏం పనికొస్తుంది?

రెండు వస్తువులు. ముందు వైపు పూర్తిగా తెరుచుకునే చొక్కా, టిచ్ బటన్లతో. రొమ్ము ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అప్పటిదాకా చేతులు పైకెత్తి చొక్కా తొడగడం బిడ్డకు నరకం. రెండోది గట్టి దూదితో చిన్న దిండు. దగ్గు వచ్చినప్పుడు, తుమ్ము వచ్చినప్పుడు దాన్ని ఛాతీకి హత్తుకుంటే నొప్పి తట్టుకోగలుగుతారు. దిండు ఇచ్చేటప్పుడు తల్లికి ఇంకొకటి కూడా గుర్తుచేస్తాం: చంకల కింద చేతులు వేసి బిడ్డను ఎత్తకూడదు, ఒక చేయి మెడ కింద, ఒక చేయి పిరుదుల కింద ఉండాలి. ఆసుపత్రిలో చెప్పే ఉంటారు. డిశ్చార్జి హడావిడిలో అది ఎవరి చెవినా పడదు.

తలసీమియా పిల్లలకు?

తలసీమియా తల్లులను చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. లుకేమియా వైద్యానికి ఒక చివర ఉంటుంది. తలసీమియా మేజర్ ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, చాలామందికి జీవితమంతా. ఎక్కించిన రక్తంలోని ఇనుము ఒంట్లో పేరుకుని గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి దాన్ని బయటకు పంపే మందు రోజూ వాడాలి. ఇప్పుడు చాలామందికి మాత్రలు ఇస్తున్నారు. కొందరికి ఇంకా చర్మం కింద సన్నని సూది పెట్టి చిన్న పంపుతో రాత్రంతా, 8 నుంచి 12 గంటల పాటు ఎక్కించాలి. ఆ పంపు పెట్టుకోవడానికి నడుముకు కట్టే గుడ్డ సంచి కుడతాం. బిడ్డ పక్కకు తిరిగినా గొట్టం లాగుకోకుండా ఉంటుంది.

రక్తం ఎక్కే మూడు నాలుగు గంటలు తల్లి కదలలేదు. మా దగ్గర అల్లిక నేర్చుకున్నవాళ్లలో ఈ తల్లులే ఎక్కువ. వాళ్లలో ఒకామె ప్రతిసారీ ఒక చదరం అల్లుతుంది, బిడ్డ ఎంచిన రంగులో. ఎన్నిసార్లు రక్తం ఎక్కిందో ఆ దుప్పటి చూసి లెక్కపెట్టవచ్చు. కొడుకు తొమ్మిదో తరగతిలోకి వచ్చాడు, దుప్పటి ఇప్పుడు డబుల్ కాటు నుంచి కిందికి వేలాడుతోంది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు క్రోషియా ఆక్టోపస్ బొమ్మలు అల్లుతారా?

ఈ ఆలోచన 2013లో డెన్మార్క్‌లో మొదలైంది. బొమ్మ కాళ్లు బొడ్డుతాడులా చేతికి తగిలి బిడ్డ నెమ్మదిస్తుందని, గొట్టాలు లాగదని అంటారు. అలా నెమ్మదించిన మాట వాస్తవం కావచ్చు, కానీ వైద్యులందరూ ఒప్పుకున్న సంగతి కాదు. దారం నుంచి దూది బయటికి వచ్చినా, బొమ్మ కాలు బిడ్డ వేలికి చుట్టుకున్నా ప్రమాదం. ఆ వార్డు డాక్టరు లిఖితపూర్వకంగా అడిగితే తప్ప మేము అల్లము.

దానికి బదులు కంగారూ సంచి కుడతాం. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి ఇది: డైపరు, టోపీ మాత్రమే ఉంచి బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి, ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టుకోవడం. ఇది పనిచేస్తుందని ప్రపంచమంతా ఒప్పుకుంది, మన ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ చేయిస్తున్నారు. తల్లి అలసిపోతే తండ్రి కూడా కట్టుకోవచ్చు. మెత్తని నూలు గుడ్డ, రెండున్నర గజాలు, అంతే.

జబ్బుతో ఉన్న పిల్లలే కుట్టుకుంటామంటే సూది ఇవ్వవచ్చా?

రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న బిడ్డకు సూది గుచ్చుకుంటే రక్తం ఆగదు. మొన వంచిన ప్లాస్టిక్ సూది, రంధ్రాలున్న అట్టముక్క, లావు దారం ఇవ్వండి. కాగితం మడతలు ఇంకా మంచివి. ఒక చేతికి సెలైన్ ఉన్నా పనిచేసేలా బొమ్మను ముందే సగం మడిచి ఇస్తే, మిగతా సగం పిల్లలు పూర్తి చేస్తారు.

నాన్నలు ఏం చేస్తారు?

మొదటి ఏడాది మేము నాన్నల గురించి ఆలోచించనే లేదు. తల్లులు ఉండే పిల్లల వార్డులో రాత్రి వాళ్లను ఉండనివ్వరు. మెట్ల కింద, ఆసుపత్రి గేటు బయట పేపరు పరుచుకుని పడుకుంటారు. మందులకు పరుగెత్తేది, అప్పుకు తిరిగేది వాళ్లే. ఒకరోజు మెట్ల దగ్గర ఒకాయన మా దారపు ఉండలు చూసి, "అమ్మా, ఆ లావు దారం కొంచెం ఇస్తారా" అని అడిగారు. నిజాంపట్నం వైపు నుంచి వచ్చిన మత్స్యకారుడు. చూస్తుండగానే వల ముడులతో బత్తాయిలు పెట్టుకునే జాలీ సంచి అల్లారు. రెండో రోజుకు ఆయన చుట్టూ నలుగురు కూర్చుని ఉన్నారు, ఒకరు ఆటో డ్రైవరు, ఒకరు తాపీ మేస్త్రీ. ఆ నలుగురూ అంతకుముందు వారం రోజులుగా ఒకరి పక్కన ఒకరు పడుకుంటూ మాట్లాడుకోలేదట.

ఇప్పుడు మా సంచిలో నైలాన్ దారం, వల అల్లే కర్ర ఎప్పుడూ ఉంటాయి.

నేను మిర్చి యార్డులో తొడిమలు తీసే పని చేస్తాను. నేను కుట్టవచ్చా?

గుంటూరు నుంచి ఈ ప్రశ్న తరచుగా వస్తుంది. కుట్టవచ్చు. కానీ కారం గోళ్ల సందుల్లో, పైట చెరగులో, జుట్టులో ఉండిపోతుంది. ఒక్కసారి సబ్బుతో కడిగితే పోదు. పనికి వెళ్లిన రోజు కాకుండా తలస్నానం చేసిన సెలవు రోజున, వేరే చీర కట్టుకుని, చేతికి ముందు కొబ్బరినూనె రాసి రుద్ది తర్వాత సబ్బుతో కడిగి మొదలుపెట్టండి. గుడ్డను, దారాన్ని మూత ఉన్న డబ్బాలో దాచండి. మీ బిడ్డే వార్డులో ఉంటే, ఎత్తుకునే ముందు కూడా ఇలాగే చేయండి. కీమో బిడ్డ నోరు పూసి ఉంటుంది, మీ వేలికున్న కారం వాడి పెదవికి తగలకూడదు.

కుట్టు అసలు రాదు. నేను ఎందుకు పనికొస్తాను?

ఉతకడానికి, ఇస్త్రీకి, కత్తిరించడానికి మనుషులు ఎప్పుడూ తక్కువే.

గుడ్డ ఎక్కడ కొంటారు?

వన్ టౌన్‌లో. వస్త్రలత, కృష్ణవేణి మార్కెట్లలో హోల్‌సేల్ కొట్ల వాళ్లు తాను చివరి ముక్కలు తక్కువకు ఇస్తారు. ఎందుకో చెబితే కొందరు ఊరికే ఇస్తారు. కొన్న గుడ్డ రంగు వదులుతుందో లేదో ఒక మూల తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడండి.

నేర్చుకున్న తల్లికి దీనితో సంపాదన వస్తుందా?

ఈ ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు. నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అక్కడ తరతరాలుగా అల్లుతున్న ఆడవాళ్లకు చేతికి అందే కూలి ఎంతో వాళ్లనే అడగండి. బిడ్డ జబ్బుతో కూలిపని పోగొట్టుకున్న తల్లిని కూర్చోబెట్టి, "అల్లు, అమ్మిపెడతాం" అంటే ఆమె రాత్రి కళ్లు పాడుచేసుకుని అల్లుతుంది. అమ్ముడుపోకపోతే ఆ బాధ కూడా ఆమె మీదే పడుతుంది. జాకెట్లు, ఫాల్స్, పికో పని వచ్చినవాళ్లకు మాత్రం ఇంటికి తిరిగి వెళ్లాక ఊళ్లో పని దొరుకుతోంది. అలాంటి ఇద్దరికి పాత మిషన్లు బాగుచేయించి ఇచ్చాం.

డబ్బు సాయం చేస్తారా?

చేయలేము. దారి మాత్రం చెబుతాం. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న ప్రభుత్వ ఉచిత వైద్య పథకం గురించి ఆసుపత్రిలోని హెల్ప్ డెస్కులో అడగండి, 104కు ఫోను చేయండి. వైద్యానికి వెళ్లే క్యాన్సర్, తలసీమియా, హిమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగులకూ తోడు వెళ్లే ఒకరికీ రైలు చార్జీలో రాయితీ ఉంది, డాక్టరు సంతకంతో నిర్ణీత పత్రం కావాలి. తలసీమియా, హిమోఫీలియా, సికిల్ సెల్ అనే రక్తజబ్బులను 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో చేర్చారు. ధ్రువపత్రం కోసం అడగడానికి మొహమాటపడకండి.

మీతో వార్డుకు వస్తే ఎలా మెలగాలి?

నర్సు ఇన్‌చార్జి అనుమతి లేకుండా గుమ్మం దాటము. ఇద్దరికి మించి వెళ్లము. "ఏ జబ్బు? ఎలా వచ్చింది? మీ వంశంలో ఉందా?" అని అడగకండి. ఆ తల్లి ఆ ప్రశ్నకు అప్పటికే వందసార్లు జవాబు చెప్పి ఉంటుంది, ప్రతిసారీ తనదే తప్పేమో అనుకుని ఉంటుంది. "మా బంధువుల పిల్లాడికీ ఇదే" అని మొదలుపెట్టకండి. ఆ కథ ఎలా ముగిసిందో ఆమె వెంటనే అడుగుతుంది. "అన్నం తిన్నారా అమ్మా?" అని అడగండి, తినలేదంటే మంచం దగ్గర మీరు కూర్చుని ఆమెను క్యాంటీనుకు పంపండి.

ఇచ్చేది ఇష్టం లేదంటే బలవంతం వద్దు. చేతి పని వద్దన్న తల్లిని రెండోసారి అడగము. కొందరికి జపమాల చాలు, కొందరికి కిటికీ చాలు.

ఫొటోలు తీస్తారా? దాతలకు చూపించాలి కదా.

తీయము. పిల్లలవీ తీయము, తల్లులవీ తీయము. వస్తువుల ఫొటో మా వసారాలోనే తీసి చూపిస్తాం.

బిడ్డ దక్కకపోతే ఆ వస్తువులు ఏమవుతాయి?

ఈ ప్రశ్నను చాలామంది గొంతు తగ్గించి అడుగుతారు. మన ఇళ్లలో పోయిన బిడ్డ వస్తువులు ఇంట్లో ఉంచకూడదనే పెద్దలు ఉంటారు, కృష్ణలో కలిపేవాళ్లూ ఉంటారు. తల్లి ఒక చొక్కాను పెట్టె అడుగున, ఎవరికీ తెలియకుండా దాచుకోవడమూ ఉంటుంది. మేము ఎవరికీ ఏదీ చెప్పము. గుర్తుగా ఏదైనా చేసి ఇమ్మని కుటుంబం తానుగా అడిగితే, బిడ్డ చొక్కా ముక్కతో చిన్న సంచి కుట్టి ఇస్తాం, లోపల వాళ్లు ఏం పెట్టుకుంటారో అడగము. రెండేళ్ల తర్వాత వచ్చి అడిగినవాళ్లు ఉన్నారు. అందుకే ఎవరైనా బొంత తిరిగి ఇచ్చేస్తే వెంటనే ఇంకొకరికి ఇవ్వకుండా, ఉతికి, పేరు రాసి ఒక అలమారలో విడిగా పెడతాం. మూడు బొంతల కోసం అలా వచ్చారు.

ఆ తల్లులలో ఒకామె ఇప్పుడు ఆదివారాలు వస్తుంది. వార్డుకు రాదు. గోడవైపు కూర్చుని కాజాలు కుడుతుంది. మాలో అంత సన్నగా కాజా కుట్టగలిగినవాళ్లు ఎవరూ లేరు.

మీ పాప ఇప్పుడు ఎలా ఉంది?

బాగుంది. తొమ్మిదో తరగతి. ఏడాదికొకసారి పరీక్షకు వెళతాం. నా ఫైలు సంచి తలుపు వెనుక మేకుకు ఉంది, జిప్పు రెండుసార్లు మార్చాను. క్రిందటిసారి వెళ్లినప్పుడు అది తనే భుజాన వేసుకుని నడిచింది.